మూడో మడి

పెరట్లో తమ్ముడు, కాళ్లున్న పెట్టెలాంటి మొక్కల మడికి చెక్కలు బిగిస్తున్నాడు. చక్రాల కుర్చీలో కూర్చున్న అక్క, కాళ్లు చేయలేని పనంతా నోటితో చేస్తోంది.

"ఆ మేకు వంకరపోయింది చూడు."

"మేకు కాదక్కా, స్క్రూ."

"ఏదైతేనేం, వంకరేగా! ఇన్నేళ్ల వడ్రంగివి. ఊరందరికీ తలుపులు బిగించావు, అక్క మడి దగ్గరికొచ్చేసరికి చెయ్యి వణుకుతోందేం?"

"నువ్వు నెత్తిమీద కూర్చుంటే వణకదా మరి?"

"కూర్చోక ఏం చేయను? లేచి పరిగెత్తమంటావా?"

"అక్కా, పొద్దున్నే మొదలుపెట్టకు."

"నవ్వరా. జోకేశాను."

"నవ్వాను. నీకు కనపడలేదంతే."

"సర్లే. ముందు కొలత తీసుకో. కిందటిసారీ, అంతకుముందూ చేసిన పొరపాటు మళ్లీ చేయకు."

"నాదా పొరపాటు?"

"నీదే! మొదటి మడి మోకాలెత్తు కట్టావు. అడుగున ఎండుటాకులేసి, మట్టి నింపి, అది కాస్త కుదురుకునేసరికి నాకు వంగడం పోయింది. రెండోది నడుమెత్తు కట్టావు. టమాటా నారు నిలబడే నాటాను. కాయ పండేసరికి నిలబడటం పోయింది. మీ బావ కోసి, పళ్లెంలో పెట్టి తెచ్చారు. కొట్లో కొన్నట్టే ఉంది. ఒక్క కాయరా. నా చేత్తో నాటింది నా చేత్తో కోసుకోవాలి. ఇంకేం అడగను."

"కోస్తావులే."

"కోస్తావులే అని గాల్లో మాటలు చెప్పక, కొలువు. ఇదిగో, కుర్చీలో నా మోచెయ్యి ఇక్కడికొస్తోంది. టేపేది?"

"టేపు... బండిలో ఉండిపోయింది."

"తెచ్చుకో."

"అక్కర్లేదక్కా. కంటికొలత చాలు."

"మోకాలెత్తూ నడుమెత్తూ టేపు పెట్టి కొలిచినవాడివి, ఇప్పుడు కంటికొలతా! ఆగాగు, అవేంటి? మడికి చక్రాలేంట్రా?"

"ఎండ ఎటుంటే అటు తోసుకోవచ్చని."

"ఎవరు తోస్తారు?"

"బావ తోస్తాడు. లేదా నేనొస్తా."

"బాగానే ఉంది. మరి ఇంత సన్నగా ఉందేం? ఆరు మొక్కలన్నావు. ఇందులో మూడు కూడా పట్టవు."

"వెడల్పు పెడితే గుమ్మంలో పట్టదుగా."

"గుమ్మమా?"

"అంటే... అది కాదు..."

"పెరట్లో గుమ్మం ఎక్కడుందిరా?"

"టీ తాగుతావా? పెట్టుకొస్తాను."

"మాట మార్చకు. మొన్న నన్ను ఇంట్లో వదిలి, నువ్వూ మీ బావా డాక్టరు దగ్గరికెళ్లొచ్చారు. ఏమన్నాడు?"

"మందులు మార్చాడన్నాగా."

"అన్నావు. సరే, మందులే మార్చాడు. అలాగే అనుకుందాం. అయితే నీకేం భయం? టేపు తెచ్చి, నా ముందే ఈ కుర్చీ కొలువు."

"అక్కా..."

"కొలవమంటుంటే! అసలు కొలవకుండా మడికి ఆ కాళ్లు ఎలా కోశావు?"

"కొలిచే కోశాను. నిన్న నువ్వు నిద్రపోతుంటే."

"నిద్రపోయేటప్పుడు నేను కుర్చీలో ఎక్కడుంటానురా?"

"కుర్చీని కాదక్కా. రెండుసార్లు నీ జబ్బు కంటే వెనకబడ్డాను. ఈసారి ముందే, మంచం కొలిచాను."