తెర ఆర్పి పరీక్షించిన పెద్దమనిషి

1991 జూన్ మూడో తేదీన, పదింటికి చేరవలసిన ఉద్యోగంలో చేరడానికి తొమ్మిదింటికే వచ్చి, తాళం తీసే మనిషి కోసం మెట్లమీద గంటసేపు నిరీక్షించిన కార్యదక్షులు మన కంప్యూటర్ విభాగాధిపతి. నేడు పదవీ విరమణ చేస్తున్న ఈ సహృదయులను అందరూ ‘టిక్కుల సారు’ అంటారు. నిబంధనల పట్టికలో ప్రతి గడికీ టిక్కు పడనిదే వారికి అన్నం సహించదని ప్రతీతి. అది అతిశయోక్తి కాదని ఇంటావిడ ధ్రువీకరించారు.

గుమాస్తాగా ప్రవేశించి, స్వయంకృషితో విభాగంలో రెండో స్థానానికి ఎదిగిన కాలంలో, సిబ్బంది సెలవులూ బదిలీలూ అన్నీ వెబ్‌సైటులోనే జరిగే ఏర్పాటు వారి చేతిమీదుగా రూపొందింది. చూపులేనివారికి తెరమీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు సైటు అనుకూలించాలని నలభై ఎనిమిది నిబంధనలున్నాయి. ప్రతి బటన్‌కూ పేరుండాలన్నది వాటిలో ఒకటి. పెట్టారు: బటన్ ఒకటి, బటన్ రెండు, అలా పన్నెండు దాకా. నలభై ఎనిమిది టిక్కులూ పడ్డాయి. ధ్రువపత్రంమీద సారు సంతకమూ పడింది.

మూడోనాడు మధ్యాహ్నం మూడున్నరకు, పుట్టుకతో చూపులేని టెలిఫోన్ ఆపరేటరమ్మ చేతికర్రతో వారి గదికి వచ్చారు.

“సారూ, రెండ్రోజులు సెలవడిగాను. రాజీనామా అందింది, ఐదింటికి ఆమోదమైపోతుంది అంటోంది మీ సైటు. నేనెప్పుడు చేశానండీ రాజీనామా?”

“ఏ బటన్ నొక్కారమ్మా?”

“ఏడో, ఎనిమిదో. పేర్లు పెట్టింది మీరు కదా, మీకే తెలియాలి.”

రాజీనామా ఆపే అధికారం డైరెక్టరుగారికే ఉంది. వారు సమావేశం ముగించి బయటికొచ్చేసరికి నాలుగుంబావు. సారూ, ఆపరేటరమ్మా ఎదురెళ్లి సంగతి విన్నవిస్తే, డైరెక్టరుగారు అన్నారు:

“పొరపాటు తనదేనని ఆవిడచేత రాయించండి, ఆపేస్తాను. సైటుది తప్పంటే మీ సంతకం తప్పన్నట్టేగా. వచ్చేవారం మీ ప్రమోషన్ ఫైలు నా బల్లమీదికొస్తోంది.”

“రాసేస్తాను సారూ,” అన్నారు ఆపరేటరమ్మ. “నాకు ఉద్యోగం కావాలి.”

సారు నేరుగా ఆమె గదికి వెళ్లారు. ఆమె కుర్చీలో కూర్చుని, తెర ఆర్పి, ఆమె హెడ్‌ఫోన్ తగిలించుకుని, తన పేరున సెలవుకు ప్రయత్నించారు. బటన్ ఐదు, బటన్ ఆరు. ఏది దేనికో తెలియలేదు. ఏదో ఒకటి నొక్కారు. ‘మీ రాజీనామా అందినది’ అని చెవిలో వినబడింది. అప్పటికి పది తక్కువ ఐదు.

కాగితం తీసి రాశారు: ‘తప్పు ఆమెది కాదు, నాది. పేరుందో లేదో చూశాను. ఆ పేరు మనిషికి పనికొస్తుందో లేదో చూడలేదు.’ సంతకం చేసి డైరెక్టరుగారి ముందుంచారు.

“ఇద్దరివీ ఆపాలండీ. నాదీ వెళ్లిపోయింది.”

డైరెక్టరుగారు కాగితాన్నీ, గడియారాన్నీ, సారునీ చూసి, మూడు నిమిషాల వ్యవధి ఉండగా రెండూ ఆపారు. ప్రమోషన్ మాత్రం రెండేళ్లు ఆగింది. ఇంటావిడ ఆ రాత్రి అడిగింది ఒక్కటే: “ఇంతకీ సెలవు దొరికిందా ఆవిడకి?”

దొరికింది. నాటినుండి పట్టికలో నలభై తొమ్మిదో గడి వెలిసింది: ‘వాడవలసినవారు వాడి చూశారా?’ ఆ గడిలో టిక్కు పెట్టే హక్కు సారుకు లేదు, వాడి చూసినవారికే ఉంది. అది పడేదాకా ఏ పేజీ తెరుచుకోలేదు. విభాగాధిపతి అయ్యాక కూడా ఈ నియమం సడలలేదు.

గత నెల తమ విరమణ దరఖాస్తును సారు తెర ఆర్పే పూర్తిచేశారు. పక్కన కూర్చుని విన్న ఆపరేటరమ్మ, “ఈసారి తెలిసే నొక్కారు సారూ,” అని, నలభై తొమ్మిదో గడిలో టిక్కు పెట్టారు.

వారు ఆయురారోగ్యాలతో, ఇంటావిడ సహనానికి లోబడి, నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము. వంటింటి డబ్బాలకు పేర్లు పెట్టదలిస్తే మాత్రం, ముందుగా వండేవారిని అడగవలసిందిగా మనవి.