కొండ అంచుకు టికెట్లు

మిల్టన్‌లోని తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన ముగిసింది. చర్చి వంటగదిలో బిర్యానీ చూసుకుంటున్న ఆంటీ దగ్గరకు డేవిడ్‌సన్ భార్య వచ్చింది.

"ఆంటీ, మా ఆయన ఇంగ్లండ్ ట్రిప్ బుక్ చేశారు. ఏదో నవల్లో భార్య జారిపడిన కొండ ఉందట, నాకు చూపిస్తారట."

"పాపం, ఎలా జారింది?"

"మొగుడే తోశాడని చివరి పేజీలో తెలుస్తుంది."

"మీ డేవిడ్‌సన్ నవలలు చదువుతాడా!"

"ఈ ఒక్కటే. రెండుసార్లు చదివారు."

"సరేలే, ప్రయాణానికి ప్రార్థన చేయించుకోండి."

"ఇందాక ఆరాధనలో అందరి ముందూ లేచి అడిగారు. క్షేమంగా తిరిగి రావాలని కాదు. ఏం జరిగినా తట్టుకునే బలం తనకివ్వమని."

ఆంటీ చేతిలో గరిటె ఆగింది.

"వెళ్లకమ్మా! నువ్వేం అనలేదా?"

"నేనూ లేచి, అదే బలం నాకూ కావాలన్నాను. అప్పట్నుంచి ఆయన ట్రిప్ వద్దంటున్నారు. నేనే, వెళ్లాల్సిందే అంటున్నాను."