బత్తీస్ నంబరే సన్నం

"నానమ్మా, షూటింగ్ క్లబ్బుల పేరు రాయించిన. కొత్తగ నేర్చుకునేటోళ్లకు చిన్న రివాల్వర్ ఏది మంచిదో తాతను అడుగుదునా?"

తాతనా? ఇంకేమన్న అడుగు గని గా ముచ్చట మాత్రం ఆయన్ని అడగకు బిడ్డా. కూసో జర. పాలకు పోయిండు, అచ్చేలోపల చెప్పేస్త.

గిది మీ అమ్మ మనింటికి కోడలై అచ్చిన కొత్తల. మీ అమ్మానాయిన ఇష్టపడి చేస్కున్నరు, నీకెరుకే గద. మీ ఆల్థాన్ తాత, అంటే గీ సూరత్‌లనే ఆల్థాన్ దిక్కుండే మీ అమ్మ వాళ్ల నాయిన, బ్యాంకుల పెద్ద నౌకరి, కోస్తా మనిషి. మేమేమో నేతోళ్లం, ఇటు దిక్కు వడోద్‌ల ఒక్క అర్ర, మీ తాతది సాంచాల కార్ఖానాల, గదే మరమగ్గాల మీద పని. ఇయ్యంకుడు పండుగకు అచ్చినా గడపకాడనే నిలవడి, "పనుందండీ" అనుకుంట పోయేటోడు. చాయ్ గూడ ముట్టకపోయేది. అప్పుడు పాలు గూడ ఇప్పటి లెక్క పిరం లేకుండె, మంచిగ చిక్కటి చాయ్ పెడ్తుంటి. మీ అమ్మ గిన్నెలు కడుక్కుంట ఏడ్సేది. మీ తాత ఏమనకపోయేది గని ఆయనకు గుచ్చుకునేది. నాకూ గుచ్చుకునేది, నేనైతే పైకే అనేదాన్ని.

గసొంటి మనిషి ఒకనాడు ఫోన్ చేసి, "బావగారూ, ఆట కోసం చిన్న రివాల్వర్ తీసుకుందామనుకుంటున్నా, లైసెన్సొచ్చింది. మీరు సరుకు బాగా చూస్తారట గదా, క్లబ్బుకు తోడు రండి" అన్నడు. నిజమే, చీర గాని కుక్కర్ గాని, మా గల్లీల ఎవరు ఏది కొన్నా మీ తాతనే తీస్కపోదురు. ఆఖరికి మా చెల్లె కొడుకు పెండ్లిచూపులకు గూడ... సరే, అది పక్కకు పెట్టు. తుపాకి మొకం చూడని మనిషి, నాకు తెల్వదు అనొచ్చు గద. అనలె. ఇస్త్రీ అంగి ఏస్కున్నడు. అటుకుల చుడువ డబ్బా పట్టుకొని నేనూ ఎంబడి పోయిన.

క్లబ్బుల నేర్పేటాయన గుజరాతీ. మేజ మీద రెండు పెట్టిండు, ఒకటి బాయిస్, అంటే ఇరవై రెండు నంబరుది, ఒకటి బత్తీస్, ముప్పై రెండుది. రెండూ కాల్చి చూస్కొని, చేతికి ఏది పడ్తే దుకాణంల అసొంటిది తీస్కోవాలె, గది అక్కడి రివాజు. ఇయ్యంకునికి మణికట్టు నొప్పి, మెత్తగ పేలేది గావాలె. మీ తాత దిక్కు తిరిగి, "ఏదంటారు బావగారూ" అన్నడు. ఎన్నడు సరిగ మాట్లాడనోడు బావగారూ అని సలహా అడిగేసరికి మీ తాత ఛాతి ఇంతెత్తు పొంగింది.

రెండింటిని చేతుల తూకం చూసిండు. బొటనేలుతోని రుద్దిండు. జర వాసన గూడ చూసిండు. గొట్టం మొకం దిక్కు తిప్పుకోబోతుంటే నేర్పేటాయన చెయ్యి పట్టి ఆపిండు. ఆఖరికి, "బత్తీస్ తీస్కోండ్రి బావ. నంబరు పెరిగితే సన్నం. బాయిస్ ముతకది" అన్నడు.

సమజైందా నీకు? నూలు లెక్క. సూరత్‌కు రాకముందు ఊర్ల మగ్గం నేసిన చెయ్యి గద. నలభై నంబరు నూలంటే ముతక, ఎనభై అంటే సన్నం. నంబరు పెద్దగైన కొద్ది దారం సన్నగైతది. ఆయనకు పిస్తోలైనా పంచెయినా గదే లెక్క. నేర్పేటాయన "కాకా, ఉల్టా" అనబోయిండు. "నంబర్ల సంగతి నాకు చెప్పకు, పుట్టినప్పటిసంది గదే పని" అన్నడు ఈయన.

ఇయ్యంకుడు, "కాలేజీలో ఎన్‌సీసీ చేశానండీ" అని చప్పుడు ఇనవడకుండ చెవులకు డబ్బలు పెట్టుకొని, కాళ్లు ఎడంగ పెట్టి బత్తీస్ కాల్చిండు. నా చేతిల డబ్బా జారి చుడువంత గచ్చు మీద వడ్డది. పిస్తోలు పెద్దగ ఎనుకకు తన్నలేదట, ఇయ్యంకుడే బెదిరిండు. నేర్పేటాయన పిస్తోలు అందుకున్నడు, మంచిదైంది. ఇయ్యంకుడు ఎనుకకు నడుసుకుంట అచ్చి అచ్చి, కుర్చీల కూసున్న మీ తాత ఒళ్లె కూలవడ్డడు. లేవడు. ఒళ్లె కూసునే, "బాగుందండీ" అంటడు. "మెత్తగున్నదా బావ" అని మీ తాత కింద నుంచి. "చాలా మెత్తగా ఉందండీ."

నేనింక ఆగలె. చుడువ ఎత్తుకుంట మేజ మీది తూటాలు చూసిన. ఒక దిక్కు సన్నయి, ఒక దిక్కు దొడ్డుయి. "సన్నయి దేంట్ల వడ్తయో అడుగుండ్రి" అన్న. నేర్పేటాయన బాయిస్ చూపెట్టిండు. పక్కన నిలవడ్డ సార్లంత నవ్విండ్రు. "ఈ ముసలాయన్ని ఎవరు తెచ్చిండ్రు" అన్నడొకడు హిందీల.

గప్పుడు మీ తాత తలకాయ కిందికేసిండు. ఇగ ఇయ్యంకుడు గడపకాడికి గూడ రాడు, మీ అమ్మ ఆశ గూడ పాయె అనుకున్న. నాకు ఏడుపచ్చింది, నిజం చెప్తున్న.

ఇయ్యంకుడు లేసిండు. ప్యాంటు దులుపుకున్నడు. నవ్వినాయన దిక్కు తిరిగి హిందీలనే, "నేనే తెచ్చిన. మా బావగారు. నేతపనిల పెద్ద నంబరంటే సన్నదే. మీ తుపాకులోళ్లే తిరగేసి పెట్టుకున్నరు" అన్నడు. అనుకుంట మీ తాత భుజం మీద చెయ్యేసిండు. ఆ తర్వాత బాయిస్ కాల్చిండు, గురి పెట్టిన అట్టకు తగల్లే, ఎనుక మట్టికట్టకు తగిలింది. అయినా అదే మంచిగున్నదన్నడు, మల్ల అసొంటిదే కొనుక్కున్నడు.

అటునుంచి అటే వడోద్ అచ్చిండు. లోపలికచ్చి చాప మీద కూసుండు, చాయ్ అడిగి తాగిండు, గచ్చు మీది నుంచి ఎత్తిన చుడువ గూడ బాగుందనుకుంట తిన్నడు. మీ అమ్మ ఇంకో కప్పు పొయ్యనా అని నవ్వుకుంట అడిగింది. నవ్వంగ చూసుడు గదే మొదలు నేను.

నువ్వైతే బాయిస్‌తోని షురూ చెయ్యి. చేతికి పడ్తదో లేదో కాల్చి చూస్కో. నీ చెయ్యి సల్లగుండ బిడ్డా, నీకు గూడ నలుగుర్ల మన చెయ్యి ఇడవని మనుషులే దొర్కాలె... అగో, చెప్పుల చప్పుడు, అచ్చిండు. నవ్వకు. అడిగితే బత్తీసే సన్నమని చెప్పు. మీ ఆల్థాన్ తాతే గంతమంది ముంగట అవునన్నంక, కాదనెతందుకు మనమెవలం...