జాడీలో సెయ్యి

“మామ్మా, ఈ ఏడు క్రిస్మస్‌కి పిల్లలకి తలకెంత పెడదాం?”

ఎంతా? ఎవులు పంపినారే నిన్ను? మీ ఆయన పంపినాడా, మీ తోడికోడలు పంపినాదా? నేదు, ఊరికినే అడిగినానంతావు. ఊరికినే ఎవులూ డబ్బుల మాట అడగరమ్మా రూతూ. నా మనవడి పెళ్ళామయి ఇన్నేళ్ళయినాది, ఇంకా నా సంగతి తెలవదేటి నీకు? ఆ సెల్లు బోర్లా పెట్టు ముందు. అందులో ఎవులింటారో ఏటో.

ఇలగ కూకో. మా అత్త ఉండగా ఈ ఇంట్లో ఎంత అన్న మాటే నేదు. ఈ ఇల్లే, ఈ సాలూరే, అప్పటికి పెంకులిల్లు. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళం, ఇంటినిండా గుంటలు, అందరి పిల్లలూని. క్రిస్మస్ ముందర చర్చిలో సెట్టు పెడతారు కదా, ఇప్పుడు ప్లాస్టిక్కుది, అప్పుడు సరుగుడు కొమ్మ. ఎవులి పిల్లల పొట్లాలు ఆళ్ళు పేరు రాసి ఆ సెట్టు కింద పెట్టాల. పాస్టరు అయ్యగారు పేరు పిలిస్తే గుంటలు పరిగెత్తుకెళ్ళి తెచ్చుకుంతారు. ఏ పొట్లం లావు, ఏది సన్నం, సంఘం కళ్ళన్నీ అక్కడే. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నోళ్ళవి కూడాని.

అందుకని మా అత్త ఏటి సేసీదంటే, లోపల గదిలో ఊరగాయ జాడీ ఒకటి, సగందాకా వడ్లు పోసి ఎట్టీది. వడ్లెందుకంతావా? సప్పుడు రాకుండా. బిళ్ళ పడినా నోటు పడినా ఒకటే, ఏటీ ఇనపడదు. ఒక్కొక్కలం ఎల్లి, తలుపేసుకుని, సెయ్యి లోపలికంటా పెట్టి, ఉన్నది వడ్లలో కప్పీసి వచ్చీయాల. ఎవులెంత ఏసినారో అడక్కూడదు. తరవాత అత్త ఒక్కతే జాడీ వొంపుకుని, బజారుకెల్లి, పిల్లలందరికీ ఒకే గుడ్డ, ఒకే బొమ్మ, ఒకే లావు పొట్లం. అయిదు రూపాయిలుంటే గౌనుగుడ్డొచ్చీసీది. నవ్వుతావేటి, నిజవే. కుట్టుకూలితో కలిపి... కాదు కాదు, కుట్టుకూలి వేరే.

మరి నాకు అన్నీ అనుమానమే కదా. మా పెద్ద తోడికోడలు, మార్తప్ప, ఆవిడి మీద మరీని. ఇలా ఎల్లి అలా వచ్చీసీది. అంత బేగి ఏటి ఏస్తాది? ఆళ్ళాయనకి నెలజీతం, అయినా జాడీలో ఏటీ ఏయదు, మా కష్టంతో ఆవిడి పిల్లలు గౌన్లు తొడుక్కుంతన్నారు, అని నా బాధ. గోడకి సెవి పెట్టినాను, ఏటీ ఇనపడనేదు. అప్పుడు కనిపెట్టినాను, వడ్ల దుమ్ము! సెయ్యి లోతుగా పెట్టినోళ్ళకి మణికట్టు మీద దుమ్మూ పొట్టూ అంటుకుంతాది. అప్పట్నించి ఆ గదిలోంచి వచ్చినోళ్ళ మొకం సూడనేదు నాను, సెయ్యే సూసీదాన్ని. మార్తప్ప సెయ్యి ఎప్పుడూ సుబ్బరంగా ఉండీది. సూసినావా అని మా ఆయనకి, అదే మీ తాతకి సెప్పినాను. “నీకు పని నేదేటే” అన్నాడు.

తరవాత ఏడు మీ తాత తోలీ లారీ ఘాట్‌లో బోల్తా కొట్టీసినాది, ఒరిస్సా నించి వస్తా. మనిషికేటీ కానేదు, దేవుడి దయ. ఓనరు మాత్రం మరి లారీ ఇవ్వనేదు, జీతవూ ఇవ్వనేదు. జీతం వస్తన్నాదనే ఇంట్లో సెప్పినాడు మీ తాత. నాకొక్కదానికే తెలుసు.

క్రిస్మస్ వచ్చీసినాది, అత్త జాడీ పెట్టీసినాది. మా ఇద్దరి కాడా పైసా నేదు. పొట్లాలు సన్నంగా వస్తే, ఎవులో ఎగ్గొట్టినారని ఇంటిల్లిపాదికీ తెలిసిపోతాది. మీ తాత లోపలికెల్లినాడు. సాలాసేపున్నాడు. వచ్చినాక సెయ్యి సూద్దును కదా, మోసేతిదాకా దుమ్ము! ఒట్టి సెయ్యి వడ్లలో తిప్పీసి తిప్పీసి వచ్చినాడమ్మా. నాను సెయ్యి సూస్తానని తెలుసు కదా, అందరూ సూస్తారనుకున్నాడు. నాకు ఏడుపొచ్చీసి పొయ్యి కాడికెల్లిపోయినాను.

ఆయన ఎనక మార్తప్ప ఎల్లినాది. ఆ ఏడు బేగి రానేదు. వచ్చినాక సూస్తే ఆవిడి సేతికీ మోసేతిదాకా దుమ్మే.

సెట్టు రోజు పొట్లాలు ఎప్పటంత లావే. గౌనుగుడ్డ, కీ ఇస్తే తిరిగే బొమ్మ, ఒక్క పిసరు తగ్గనేదు. ఎలగ తగ్గనేదు? వానల కాడ్నించీ కొత్త కోక కొంతాను కొంతాను అన్న మార్తప్ప పాత కోకతోనే చర్చికొచ్చినాది. నువ్వేనా అప్పా, అని అడిగీసినాను. “ఏటే నీ అనుమానాలు, పోయి పిల్లలకి అన్నాలు పెట్టు” అని కసురుకున్నాది. పోయీదాకా సెప్పనేదు. నేకపోతే మా అత్తేనేమో. మా మరిదేనేమో, ఆ నెల బీడీలు మానీసినాడు, దగ్గన్నాడు. దగ్గో మరేటో! ఇంత ముసిల్దాన్నయినాను, ఇప్పటికీ నాకు అనుమానం తీరనేదు.

ఇప్పుడు నీ సంగతి. ఉన్నోళ్ళు ఎంత అని అడగరే, కొనీసి సూపిస్తారు. మీ తోడికోడలు అటక మీద అట్టపెట్టె దాసినాది, కారుబొమ్మంట, సెల్లులో సగం ధరకొచ్చినాదంట. సగం ధరకిచ్చీవోడు ముందు రెట్టింపు రాసుకోడా? వాపసు పంపీసి ఆ డబ్బులు, ఈ ఏడు మళ్ళీ నాను పెట్టిన జాడీలో ఏయమన్నాను. మూతి ముడిసినాది. ముడవనీ.

మీ ఆయన కొత్తవలసలో కొట్టు మూసీసినాడు కదూ? నేదనకు. పండగ బేరం వొదిలీసి, ముందే ఇంటికొచ్చి కూకుంతాడేటి సెల్లుల కొట్టోడు? నాకు కళ్ళు నేవా? ఏడవకే. ఎవులికీ సెప్పను.

జాడీ లోపల గదిలోనే ఉన్నాది, ఆ మూల. తలకెంతన్నది అదే సెప్తాది. కూడినాదా నేదా అన్నది నా బెంగ, నీది కాదు. ఉంటే ఎయ్యి, నేకపోతే ఒట్టి సెయ్యే పెట్టు. నాను గోడకేసి తిరిగి కూకుంతాను. నీ సెయ్యి సల్లగుండాల తల్లీ, ఎల్లు... లోపలికంటా పెట్టు, మోసేతిదాకా. దుమ్ము దులుపుకోకుండా రా. బయట మీ తోడికోడలు సూస్తాది.