మా బావ చదివిన పేపరు

మా బావ సంగతా? కూర్చోమ్మా, నిలబడి వినేది కాదది. హాస్యనటుడు కదా, మీ నాన్ననడుగు, ఆయన తెర మీద తుమ్మితే చాలు, హాలంతా ఒకటే నవ్వులు. ఇంట్లో మాత్రం నోట్లో ముత్యాలున్నట్టు బిగించుకు కూర్చునేవాడు. కన్నతల్లితో కూడా అంతే, తిన్నావా, మందేసుకున్నావా, అయిపోయింది. నేను మా అక్క దగ్గరే ఉండి చదువుకున్నాలే, అన్నీ చూసినవే. ఏం చెప్తున్నా... ఆ, పేపరు వాళ్ళు. వాళ్ళకీ ఈయనకీ ఉప్పూ నిప్పూ. మొదట్లో బాగానే ఉండేవాళ్ళు. బావ వాళ్ళమ్మకి కళ్ళ ఆపరేషనై, కట్టుతో ఆసుపత్రి మెట్లు దిగుతుంటే ఒక ఫొటోగ్రాఫరు మొహం మీదకొచ్చి ఫొటో తీశాడు. ఈయన కెమెరా లాక్కుని నేలకేసి కొట్టాడు. అంతే, పేపర్లన్నీ ఒక్కటై, క్షమాపణ చెప్పేదాకా ఇతని పేరూ బొమ్మా వేసేది లేదన్నాయి. 'చచ్చినా చెప్పను' అన్నాడీయన. ఓసారి ఫొటోలోంచి ఈయన్ని కత్తిరించేస్తే హీరో భుజం మీద ఉత్త చెయ్యి మిగిలింది. నవ్వుతావేం, ఆయన నవ్వలేదు.

చిక్కేమిటంటే, ఆపరేషనైనా వాళ్ళమ్మకి చూపు రాలేదు. కొడుకు గురించి పేపర్లో ఏం రాశారో వినందే పొద్దున్నే ముద్ద దిగదు. గొడవ సంగతి తెలిస్తే 'నా మూలంగానా' అని కుమిలిపోతుందని ఈయన భయం. అందుకని తనే పేపరు విప్పి, కల్పించి చదివేవాడు. అనుమానం రాకుండా మధ్యలో తిట్లు కూడా. 'ఈ చిత్రంలో ఆయన నటన చప్పగా ఉంది.' 'రాసినవాడి మొహం చప్పగా ఉంది' అనేదావిడ. ఒక్కోసారి, 'తనకు నటన నేర్పింది తన తల్లేనని ఆయన మా విలేకరితో అన్నారు' అని చదివేవాడు. అప్పుడావిడ ముద్ద చేతిలోనే పట్టుకుని వినేది. మా అక్కా నేనూ మొహాలు చూసుకునేవాళ్ళం.

ఒకరోజు అలాగే చదువుతుంటే, 'ఇవాళ పేపరెక్కడిదిరా, నిన్న ప్రెస్సులకి సెలవు కదా' అంది. నిజమే, సెలవు మర్నాడు పేపరు రాదు. ఆ ధ్యాస లేక పాతదేదో పట్టుకు కూర్చున్నాడు. తెర మీద ఎన్ని అబద్ధాలైనా ఆడే మనిషి, అమ్మ ముందు ఇంకో అబద్ధం ఆడలేకపోయాడు. మొత్తం చెప్పేశాడు. 'ఇప్పుడే వెళ్ళి తప్పయిందని చెప్పొస్తానమ్మా, రేపట్నుంచి నిజం పేపరే వింటావు' అని చెప్పులేసుకున్నాడు కూడా.

ఆవిడ చెయ్యి చాపి వెతికి, ఈయన చొక్కా పట్టుకుంది. 'వెళ్ళకు. నువ్వు చెప్పొస్తే ఇక వాళ్ళు రాసేదే చదువుతావు. వాళ్ళు నా గురించి ఎందుకు రాస్తారురా? నటన నేర్పింది నేనేనని నాతో నువ్వు నేరుగా ఎప్పుడైనా అన్నావా? కూర్చో, ఎక్కడ ఆపావో అక్కణ్ణుంచి చదువు' అంది.

చదివాడమ్మా. ఆ పాత పేపరే... ఆ ఫ్యాను కాస్త తగ్గించు, గాలి మొహం మీదకే కొడుతోంది.