నాటు మునుంల పదమూడో ఎక్కం

ఓదెమ్మని ఒకామె ఉండేది, వాగవతలి ఊరామె. నాట్లకు పోతే పాటెత్తుకునేది ఆమెనే అనుకో. మునుం పట్టినోళ్ళంతా, అంటే ఒకరి పక్కన ఒకరు వంగి వరుసగ నాటేసేటోళ్ళంతా, ఆ పాట అందుకోవాలె. ఎత్తుకున్నామె దమ్ము చాలక ఆపితే పక్కనున్నామె అందుకోవాలె, పాట మాత్రం మడిల పడిపోవద్దు, అదీ వాళ్ళ పద్ధతి. ఆ ఓదెమ్మకు సహజ అని ఒక మనుమరాలు, ఐదో తరగతి. ఇంట్ల ఒర్రుతనే ఉంటది, బడికి పోతే నోరు కుట్టేసినట్టే. ఏడాదంతా సారు ఆ పిల్ల గొంతే వినలేదంట, నమ్ముతరా?

ఏమైందంటే, ఆ వానకాలం వాగు పొంగి దారి తెగింది. కనుకయ్య సారు ఊళ్ళెకు రాలేక ఫోన్లనే బడి పెట్టిండు. వాట్సాప్‌ల గ్రూపు చేసి సారు పాఠం చెప్పి పంపుడు, పిల్లలు తిరిగి చెప్పి పంపుడు. గురుకులం పరీక్షకు పేర్లు రాయాలెనాయె, "ఎవరి గొంతుతోని వాళ్ళు పదమూడో ఎక్కం చెప్పి పొద్దుమూకే లోపల పంపున్రి, పంపనోళ్ళ పేరు రాయ" అన్నడంట. అందరు పంపిన్రు. సహజ ఫోను ముందట పెట్టుకొని దాని దిక్కు చూసుడే తప్ప నోరు లేస్తలేదు. ఓదెమ్మ బతిమాలింది, బెల్లం ముక్క ఇస్తనన్నది, తిట్టింది. ఏం లాభం లేదు. ఇటు నాటుకు ఆలస్యమైతుంది. సరేనని పిల్లను, ఫోనును రెండింటినీ పొలానికి తీస్కపోయింది. నేనైతే చదువుకోలే, ఇది సుత నా లెక్క బురదల్నే ఉంటదా అని తొవ్వెంట ఆమెకు ఏడుపొచ్చిందంట.

ఫోనును ప్లాస్టిక్ కవర్ల పెట్టి మెడకు కట్టుకొని, పిల్ల వినాలని సారు పాఠం పెద్దగ పెట్టింది. "పదమూడొకట్ల పదమూడు" అన్నడు సారు. ఆడోళ్ళకు అలవాటాయె, ఎవరో పాటెత్తుకున్నరని "పదమూడొకట్ల పదమూడే ఉయ్యాలో" అని అందుకున్నరు! సారు ఎత్తుకునుడు, వీళ్ళు అందుకునుడు, నాటు జోరుగ సాగుతుంది. పదమూడైదుల అరవై ఐదు కాడికొచ్చి, "తక్కింది మీరు చెప్పున్రి పిల్లలూ" అని సారు ఆపేసిండు. గొంతు మళ్ళ వస్తదేమోనని ఓదెమ్మ ఫోను మీద ఏడనో నొక్కి పైకి జరిపింది. రాలే. ఆమెకు ఒళ్ళు మండింది. "దమ్ము లేనోడు పాటెందుకెత్తుకోవాలె!" అన్నది. మునుం ఆగింది, నారు చేతులల్లనే ఉన్నది. ఇగ అందుకోవాల్సిందెవరు? ఫోను ఓదెమ్మ మెడల ఉన్నదాయె, ఓదెమ్మ పక్కన నాటేసుకుంట వచ్చింది సహజ. అందరు పిల్ల దిక్కు చూసిన్రు. అది ఎక్కమన్న సంగతి ఎవరికి యాదికున్నది, పాట పడిపోతదన్నదే భయం. సహజ వంగిన నడుము లేపకుండ "పదమూడార్ల డెబ్బై ఎనిమిదే ఉయ్యాలో" అన్నది! మునుమంతా అందుకున్నది. చివరిదాకా చెప్పింది పిల్ల, ఎక్కడా తడబడలే. ఓదెమ్మకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చినయి.

కండ్లు తుడుచుకుంటుంటే ఫోను మీద ఎర్రగ ఏదో కొట్టుకుంటుందట. ఇదేందే అని పక్కనున్న బాణం గుర్తు నొక్కింది. పోయింది! ఇందాక నొక్కి పైకి జరిపినప్పటిసంది ఫోను రికార్డు చేస్తనే ఉన్నదాయె! ఎక్కం పోయింది, ఎక్కంతోని సారును తిట్టిన తిట్టు సుత పోయింది, గ్రూపుల ఉన్నోళ్ళంతా విన్నరు. ఇగ సారు పిల్ల పేరు రాసినట్టే అనుకున్నది ఓదెమ్మ. కొంచెం సేపటికి సారు గొంతొచ్చింది. "ఓదెమ్మవ్వా, నాకు దమ్ము లేనిది నిజమే గానీ, ఆరు కాడి నుంచి ఎత్తుకున్న పిల్లెవరు? నా బడిల గీ గొంతు లేదే!" అన్నడు. ఓదెమ్మ చెప్పబోయింది. సహజ లంగాకు చెయ్యి తుడుచుకొని, ఫోను తనే అందుకొని, "నేనే సార్, సహజను. మీ బడే. కిటికీ పక్కన కూసుంట" అన్నది.

పేరు రాసిండు, పరీక్ష రాసింది, సీటొచ్చింది. అదంతా మంచిగనే ఉన్నది గానీ ఇప్పుడు పొలాల ఆసాములకొచ్చింది తిప్పలు. ఆ ఊళ్ళె నాటంటే ఎక్కాలే అయినయి. పందొమ్మిదో ఎక్కం కాడ మునుమంతా ఆగి ఆలోచన చేస్తరంట, పొద్దు పోతది, నాటు పూర్తిగాక మడి ఒడువది. "మీకు దండం పెడ్త, రెండో ఎక్కమే పాడున్రి" అని బతిమాలుతున్నరంట. వింటరా మరి వాళ్ళు? మొన్న సహజ సెలవులకొచ్చి ఇరవై మూడో ఎక్కం ఎత్తుకున్నదంట!