తడి పిచ్ మీద మాస్టారు

(జమైకాలో పోర్ట్‌లాండ్ కొండల మధ్య ఒక ఊరు. 1955. వాన వెలిసి ఎండ కాస్తోంది. మైదానం పక్కన రేకుల షెడ్డులో ఓపెనర్లు ఇద్దరు ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నారు: బడి హెడ్మాస్టర్ బ్రిసెట్, ఆయన పాత శిష్యుడు, దర్జీ క్లియోఫస్.)

"ఇంకోసారి బ్రాడ్‌మన్ పేరెత్తావంటే ఈ బ్యాటుతోనే కొడతా."

"ఎత్తుతాను మాస్టారూ. సగటు చూడండి, వందకి వెంట్రుకవాసి తక్కువ."

"ఎండు పిచ్ మీద! బల్లలా ఉన్న పిచ్ మీద టీ పోసే మిస్ యూనిస్ కూడా వంద కొడుతుంది, చంకలో జగ్గు పెట్టుకుని. తడి పిచ్ సంగతి చెప్పు. వాన పడి, ఎండ కాసి, పైన పెచ్చు కట్టి, కింద బురదగా ఉన్న పిచ్. మన ఎదురుగా ఉందే, ఇలాంటిది. ఒక బంతి మోకాలి కిందికి, ఇంకోటి ముక్కు మీదికి. అప్పుడెవరు?"

"అప్పుడు... హాబ్స్."

"హాబ్సా! ఇంగ్లీషువాడా!"

"వాన వాళ్ళ సొంతం కదా మాస్టారూ. అక్కడ బట్టలారాలంటే పండగ రావాలట."

"హాబ్స్ గొప్పవాడే, కాదనను. కానీ ఆయనకి అవతల ఇంకో గొప్పవాడు తోడుండేవాడు. మన జార్జ్ హెడ్లీకి ఎవరున్నార్రా? ఆయన లోపలికెళ్ళి ఇటు తిరిగి చూసేసరికి మిగతావాళ్ళంతా అవుటై భోజనానికి కూర్చునేవాళ్ళు. ఒక్కడే! ఆ బురదలో ఒక్కడే!"

"అందుకేగా నల్ల బ్రాడ్‌మన్ అన్నారు."

"ఎవరన్నారు? తెల్లవాళ్ళన్నారు. బ్రాడ్‌మన్‌నే తెల్ల హెడ్లీ అనాలి. తడి పిచ్ మీదైతే అదీ అనకూడదు. హెడ్లీకి అవమానం."

"బ్రాడ్‌మన్ తడి పిచ్ మీద తెలివిగా ఆడేవాడట. నాలుగు బాది, అవుటై, హాయిగా వచ్చి కాళ్ళు చాపుకునేవాడట. ఆ పద్ధతి నాకు నచ్చింది."

"నచ్చుతుంది. ఎందుకు నచ్చదూ."

"అంటే?"

"ఏం లేదు. ప్యాడ్లు తారుమారుగా కట్టుకున్నావు. బకిల్స్ లోపలికొచ్చి, నువ్వు నడుస్తుంటే గుర్రబ్బండిలా గలగలమంటున్నాయి."

"తడి పిచ్‌కి ఇలాగే కట్టుకోవాలి."

"హెడ్లీ కట్టుకున్నాడా?"

"కెప్టెన్ సూవెల్ వస్తున్నాడు మాస్టారూ, గ్లవ్స్ వెతుకుతున్నట్టుండండి."

"ఇంకా ఇక్కడే ఉన్నారా మీరిద్దరూ? అంపైర్లు వెళ్ళి అప్పుడే చెమట తుడుచుకుంటున్నారు!"

"వస్తున్నాం సూవెల్. హెడ్లీ గురించి ఒక్క మాట తేలట్లేదు."

"హెడ్లీ రావట్లేదు మాస్టారూ! మీరే వెళ్ళాలి!"

"గ్లవ్ దొరకట్లేదు."

"మీ చేతికుంది."

"రెండోది."

"రెండోదీ మీ చేతికే ఉంది! నేను పోతున్నా. మీతో మాట్లాడితే నాకు జ్వరమొస్తుంది."

"...వెళ్ళాడా?"

"వెళ్ళాడు. మాస్టారూ, డంక్లీ ఎక్కణ్ణుంచి పరిగెత్తి బంతి వేస్తాడో చూశారా? బ్రెడ్‌ఫ్రూట్ చెట్టు కూడా దాటిపోయాడు. ఇంకొంచెం వెళ్తే వాళ్ళ ఊరే."

"కంగారుపడకు. హెడ్లీ ఏం చేసేవాడు? ఆలస్యంగా ఆడేవాడు. వెనక్కి జరిగి, బంతి ముక్కు కిందికొచ్చేదాకా ఆగి, అప్పుడు ఆడేవాడు. ముందు పిచ్‌ని చదవాలి. అదిగో, అవతలి చివర నల్లగా మచ్చ ఉందే, అక్కడ నీళ్ళు నిలిచాయి. బంతి అక్కడ పడిందంటే పాములా లేస్తుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండు."

"ఏ మచ్చ?"

"అదేరా, పెద్ద మచ్చ."

"మాస్టారూ."

"ఊఁ."

"అది మేక."

"ఎవరి మేక?"

"మిస్ యూనిస్ మేక. పడుకుని నెమరేస్తోంది."

"అది మేకని నాకు తెలియదా? దాని కింద ఉన్న పిచ్ గురించి చెప్తున్నా."

"ఇప్పుడు లేచింది. ఎటు వెళ్తోందో చెప్పండి."

"మేక ఎటు వెళ్తే నాకేంటి!"

"చెప్పండి మాస్టారూ."

"...ఎడమకి."

"అది లేవలేదు."

"మెల్లగా మాట్లాడరా. సూవెల్ వింటాడు."

"ఎప్పట్నుంచి?"

"ఎడమ కన్ను ఈస్టర్ నుంచి. కుడిది మొన్నమొన్నటిదాకా బాగానే ఉండేది. పొర పట్టిందన్నాడు డాక్టరు. కింగ్‌స్టన్ వెళ్ళి ఆపరేషన్ చేయించుకోవాలట."

"మరి వెళ్ళలేదేం?"

"వెళ్తే ఊరంతా తెలుస్తుంది. గుడ్డి హెడ్మాస్టర్‌ని ఎవరుంచుకుంటారు? ఇప్పటికే పిల్లలు బోర్డు మీద నా బొమ్మ గీస్తున్నారు. బాగా కుదిరిందట, నేను చూడలేదు. వెళ్తానురా, వెళ్తాను. ఈ ఒక్క ఆట ఆడి వెళ్తాను. ఆపరేషన్ వికటించి అంతా చీకటైపోతే, ఆఖరికి చూసింది క్రికెట్ అయ్యుండాలి కదా."

"చూసింది మేకని మాస్టారూ."

"నోర్ముయ్."

"అది కాదండీ, ఆ డంక్లీ పోయినేడాది నా దవడ విరగ్గొట్టాడు. రెండు కళ్ళూ శుభ్రంగా ఉన్న నాది! మిమ్మల్ని చంపేస్తాడు."

"అందుకా, మొదటి బంతికే బాది అవుటైపోదామనుకున్నావు?"

"ఎవరన్నారు?"

"బ్రాడ్‌మన్ పద్ధతి నచ్చిందన్నావుగా. చిన్నప్పుడు లెక్క రాకపోతే పలక జారిపోయిందని కింద పడేసేవాడివి. ఇప్పుడూ అదే గొంతు."

"...అవును, భయమే. మీకేం, మీ పళ్ళు మీరు గడ్డిలో ఏరుకోలేదు."

"నీకు కనపడుతుంది, కానీ భయం. నాకు భయం లేదు, కనపడదు."

"ఇద్దర్నీ కలిపితే?"

"అర హెడ్లీ. చాలు. విను, మొదటి బంతి నేనాడతా. నువ్వు అవతల డంక్లీ పక్కన నిలబడు. వాడి చెయ్యి చూసి కేకెయ్యి. పొట్టిగా, నాకు దూరంగా పడేలా వేస్తే వెనక్కి అను, దగ్గరికి వేస్తే ముందుకి అను."

"మరి కొట్టడం?"

"కొట్టమని ఎవరడిగారు? బతికుంటే చాలు."

"మేకని తోలేశారు. పదండి, నా మోచెయ్యి పట్టుకోండి."

"పట్టుకుంటే తెలిసిపోతుంది. నువ్వు మాట్లాడుతూ నడు, గొంతు వింటూ వస్తా."

"ఏం మాట్లాడను?"

"బ్రాడ్‌మన్‌ని పొగుడు. కోపంతో తిన్నగా నడుస్తా."

(మైదానం మధ్యలో. మాస్టారికి డంక్లీ బంతులు వేస్తున్నాడు.)

"వెనక్కి!"

"అంపైర్ గారూ, చూడండి! నేను బంతి వదలగానే ఈ క్లియోఫస్ నా చెవిలో అరుస్తున్నాడు!"

"ప్రార్థన చేసుకుంటున్నా డంక్లీ. సాతానుని వెనక్కి పొమ్మంటున్నా. బైబిల్లో ఉందా లేదా అంపైర్ గారిని అడుగు, మన పాస్టరేగా."

"పాస్టర్ గారూ!"

"ఉంది నాయనా. బంతి వెయ్యి."

"ముందుకి!"

"మరి ఇదేం ప్రార్థన?"

"సముద్రం దగ్గర దేవుడు మోషేతో అన్నది ఇదే. నువ్వు ఆదివారాలు నిద్రపోతావు డంక్లీ, నీకేం తెలుసు."

"చూస్తా. ఈసారి మీ మాస్టారు నేరుగా దేవుడితోనే మాట్లాడతాడు."

"వెనక్కి! వెనక్కి మాస్టారూ! అయ్యో... పరుగు! పరుగు! అటు కాదు, ఇటు! నా గొంతు వైపు!"

"వచ్చానా?"

"దాటి వెళ్ళిపోయారు, ఆగండి! దెబ్బ తగిలిందా?"

"పక్కటెముక మీద. అబ్బ, ఎంత అందంగా లేచిందిరా! పరుగు వచ్చిందా?"

"వచ్చింది. ఇప్పుడు వాడికి నేను ఎదురెళ్ళాలి. మాస్టారూ, నావల్ల కాదు. బాదేసి పోతాను, తిట్టుకోకండి."

"పోవు. ఇప్పుడు నేను అరుస్తా, నేనేం చెప్తే అది చెయ్యి. ఆలోచించకు."

"మీరా? మీకు..."

"దూరానివి కనపడవు గానీ, దగ్గరివి కనపడతాయిరా. డంక్లీ చెయ్యి నా ముక్కు దగ్గరే కదా తిరిగేది. నీకు ఎక్కాలు చెప్పినవాణ్ణి, ఒక్కటైనా తప్పు చెప్పానా?"

"లేదు."

"పో."

"ఏమయ్యా బ్రిసెట్ మాస్టారూ, అడ్డం తప్పుకోండి, నేను పరిగెత్తాలి!"

"పరిగెత్తు నాయనా డంక్లీ, ఇలా పక్కకి జరుగుతా. క్లియోఫస్! సిద్ధమా?"

"సిద్ధం మాస్టారూ!"

"వెనక్కి!"

"ఛ! పోయింది! ఎవరైనా పరిగెత్తండి... వద్దులే, వాగులో పడింది."

"మాస్టారూ! ఫోర్! చూశారా? దవడ మీదికే వచ్చింది! ముక్కు కిందికొచ్చేదాకా ఆగాను, అప్పుడు తిప్పాను!"

"విన్నాను. చప్పుడు బాగుంది."

"మీరు వెనక్కి అనగానే కాలు దానంతటదే వెళ్ళింది. భయమే వెయ్యలేదు, ఒట్టు! పొట్టిగా వేస్తాడని ఎలా కనిపెట్టారు? మణికట్టు చూశారా, భుజం చూశారా?"

"ఎవరిది?"

"డంక్లీది మాస్టారూ!"

"వాడు నాకు ఏ పక్కనుంచి వెళ్ళాడో కూడా తెలీదురా. నోటికేదొస్తే అది అరిచాను."